గాలి రాకముందే మాట్లాడుకోవాలి

మాది ఆకివీడు. అటు కొల్లేరు, ఇటు ఉప్పుటేరు, మధ్యలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వరి చేలు. మా ఊళ్లో ఎత్తంటే ఉప్పుటేరు మీద వంతెన, మంచినీళ్ల ట్యాంకు, చెరువు గట్టు. అంతే. కొండ చూడాలంటే ద్వారకా తిరుమల వెళ్లాలి. అక్కడ కూడా పైదాకా బస్సే వెళ్తుంది.

కానీ గాలి గురించి మాకెవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలం వడగాలి, సాయంత్రమైతే చేల మీంచి పైరగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను భయం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మా నాయనమ్మని ఎప్పుడడిగినా వివరంగా చెప్పేది కాదు. "ఆ గాలి" అని ఆగిపోయేది. తర్వాతి వాక్యం ఉండేది కాదు.

అలాంటి ఊళ్లో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నేను మొదటిసారి కొండ గాలి చూశా. మా ఊరి గాలికీ దానికీ ఒక పెద్ద తేడా ఉంది. తుఫాను మన దగ్గరికి వస్తుంది. కొండ మీద మనమే గాలి దగ్గరికి నడుచుకుంటూ వెళ్తాం. అంటే ఎంతవరకు వెళ్లాలనేది మన చేతుల్లోనే ఉంటుంది. వినడానికి తేలిగ్గానే ఉంది. పదకొండు మంది కలిసి వెళ్లినప్పుడు ఆ "మన" అనే మాట ఎంత బరువో ఆ రోజు తెలిసింది.

బస్సులో పెట్టుకున్న మూడు రూల్స్

జులై చివరి వారం. కుద్రేముఖ్ ట్రెక్. కర్ణాటకలో చిక్కమగళూరు జిల్లా, పడమటి కనుమల్లో 1,894 మీటర్ల శిఖరం. ఒక వైపు నుంచి చూస్తే గుర్రం మొహంలా ఉంటుందని ఆ పేరు. కన్నడంలో కుదురె అంటే గుర్రం. ఒకప్పుడు ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వేవారు. సుప్రీంకోర్టు తీర్పుతో 2005 ఆఖరుకి ఆ తవ్వకాలు ఆగిపోయాయి. ఇప్పుడు అది నేషనల్ పార్క్. ఆన్‌లైన్‌లో పర్మిట్ తీసుకోవాలి, రోజుకి ఇంతమందే అని లెక్క. వర్షాకాలం శనివారానికి పర్మిట్ దొరకడమంటే పండక్కి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్త్ దొరికినట్టే.

మేం పదకొండు మందిమి. ఆఫీసు వాళ్లం ఆరుగురం, మిగతావాళ్లు వాళ్ల రూమ్మేట్లు, ఫ్రెండ్లు. అందులో ఒకడు నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్, భీమవరం వాడు. ఇంకో పన్నెండు రోజుల్లో అమెరికా ఫ్లైట్. "వెళ్లేలోపు ఒక్క శిఖరం ఎక్కాలి మావా" అని పర్మిట్ కోసం రెండు నెలలు తిరిగింది వాడే. పర్మిట్ తెరిచే టైమ్‌కి అలారం పెట్టుకుని లేచింది కూడా వాడే.

ఇంకొకరు మా టీమ్ సీనియర్. అందరం అక్క అంటాం. హిమాలయాల్లో నాలుగైదు ట్రెక్‌లు చేసింది. శుక్రవారం రాత్రి మారతహళ్లిలో టెంపో ట్రావెలర్ ఎక్కగానే పాటలు ఆపించి మూడు రూల్స్ చెప్పింది.

ఒకటి, గ్రూప్ విడిపోకూడదు. రెండు, మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. మూడు, ఎవరి ఒంట్లో బాగోకపోయినా ఎవరైనా సరే "ఆపుదాం" అంటే ఆపేయాలి. వాదన ఉండదు.

"ఇది ఎవరెస్ట్ కాదు కదక్కా" అన్నారు ఎవరో.

అక్క 2024 జూన్ సంగతి గుర్తుచేసింది. ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ ట్రెక్‌కి వెళ్లిన 22 మంది బృందం మంచు గాలిలో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు వెళ్లాల్సి వచ్చింది. చనిపోయినవాళ్లు కర్ణాటక నుంచి వెళ్లినవాళ్లే, ఎక్కువమంది బెంగళూరు. కొండల అనుభవం లేనివాళ్లేం కాదు.

బస్సులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరం సరేనన్నాం. వెచ్చగా సీట్లో కూర్చుని సరేనడానికి ఖర్చేమీ లేదు. ఖర్చు తర్వాత ఉంటుంది.

ఒంటి చెట్టు దగ్గర

పొద్దున కళస దాటి సంసె దగ్గర హోమ్‌స్టేలో దిగాం. టిఫిన్ చేసి జీపులో ముళ్లోడి చేరాం. అక్కడి నుంచి నడక. వెళ్లిరావడానికి మొత్తం ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. మాతోపాటు ఒక లోకల్ గైడ్. పాతికేళ్లుంటాయి. తెలుగు సినిమాలు చూసి నేర్చుకున్న తెలుగులో మాట్లాడతాడు.

మొదటి గంటన్నర హాయిగా గడిచింది. వాగులు దాటడం, జలగలు పీకి పారేయడం, ఫొటోలు. పడమటి కనుమల్లో ఈ ఎత్తులో ఒక విచిత్రం ఉంటుంది. గుట్టలన్నీ నున్నటి గడ్డి. వాటి మధ్య లోయ మడతల్లో మాత్రం చిక్కటి అడవి. ఆ అడవిని షోలా అంటారు. షోలాలో నడుస్తుంటే నెత్తి మీద ఎక్కడో రైలు పోతున్నట్టు హోరు వినిపిస్తుంది కానీ ఒంటికి గాలి తగలదు. అడవి దాటి పది అడుగులు గడ్డిలోకి వేస్తే ఎవరో భుజం పట్టుకుని తోసినట్టుంటుంది.

ఎందుకలా? నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీంచి అడ్డూ అదుపూ లేకుండా వస్తాయి. వాటికి తగిలే మొదటి గోడ ఈ కనుమలే. గాలి ఆ గోడ ఎక్కి దాటాలి. గట్టు అంచు దగ్గర దారి ఇరుకై వేగం పెరుగుతుంది. తూము దగ్గర నీళ్లు ఉరికినట్టే. ఇంకో లెక్క కూడా ఉంది. గాలి వేగం రెట్టింపైతే అది మనల్ని తోసే బలం నాలుగు రెట్లవుతుంది. ముప్పై కిలోమీటర్ల గాలిలో జుట్టు ఎగురుతుంది, ఫొటో బాగా వస్తుంది. అరవైలో మనిషి పక్కకి జరుగుతాడు.

దారిలో ఒంటిమర అనే చోటు వస్తుంది. పెద్ద గడ్డిమైదానంలో ఒకే ఒక్క చెట్టు. కన్నడ "మర", మన "మ్రాను" అక్కాచెల్లెళ్లే కాబట్టి అర్థం అడగక్కర్లేకపోయింది. అక్కడికి చేరేసరికి పదిన్నర. పొగమంచు కమ్మేసింది. గైడ్ చెట్టు వైపు ఓసారి, మా వైపు ఓసారి చూసి, "గాలి జాస్తి ఉంది అన్నా. మెల్లగా వెళ్దాం" అన్నాడు.

గట్టు మీద

అసలు సంగతి ఆ తర్వాతే. గట్టెక్కాక దారి ఒక మనిషి పట్టేంత. ఎడమ వైపు నుంచి గాలి. వాన పైనుంచి పడట్లేదు, అడ్డంగా వస్తోంది. చెవిలోకి సూదుల్లా. రోడ్డు పక్కన కొన్న పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు మొదట తెరచాపల్లా ఉబ్బాయి, తర్వాత చిరిగి ఎగిరిపోయాయి. మా అందరిలో చిన్నది విజయనగరం అమ్మాయి, నలభై అయిదు కేజీలుంటుందేమో. ఒక విసురుకి రెండడుగులు పక్కకి పోయి గడ్డిలో కూలబడింది. లేచింది, నవ్వింది, మళ్లీ నడిచింది.

గాలిలో నడవడం కష్టమని అందరికీ తెలుసు. అక్కడికెళ్లేదాకా తెలియనిది వేరే ఉంది. గాలిలో మాట్లాడుకోలేం. ముందు నడిచేవాడికి వెనకవాడి అరుపు వినపడదు. తల వంచుకుని, కాళ్ల కింద చూసుకుంటూ, ఎవరి గోలలో వాళ్లుంటారు. పదకొండు మంది గ్రూప్ కాస్తా పదకొండు మంది ఒంటరి మనుషులవుతారు.

పన్నెండుంపావుకి ఒక రాతి చాటున ఆగాం. పైకి ఇంకో కిలోమీటరు ఉంటుందన్నాడు గైడ్. అక్క అందరికీ తలా ఒక చాక్లెట్ ఇచ్చింది. విజయనగరం అమ్మాయి దాని కాగితం విప్పలేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించి చేతిలోనే పట్టుకుని కూర్చుంది. అక్క ఏదో అడిగితే మాట ముద్దగా వచ్చింది.

చలికి మంచే ఉండక్కర్లేదు. ఎత్తు కిలోమీటరు పెరిగితే వేడి ఆరు డిగ్రీల పైన తగ్గుతుంది. కింద సముద్రం ఒడ్డున 28 ఉంటే అక్కడ 16, 17 ఉంటుంది. మనం ఆఫీసులో ఏసీకి పెట్టే నంబరు అది. కానీ ఒంటి మీద తడి బట్ట, దాని మీద ఆగని గాలి ఉంటే ఒంట్లో వేడి తయారయ్యే దానికన్నా త్వరగా పోతుంది. వేళ్లు మాట వినవు, నడక తడబడుతుంది, మాట మొద్దుబారుతుంది. ఈ మూడింట్లో ఒక్కటి కనిపించినా అది అలసట కాదు, ప్రమాదం మొదలైనట్టు. ఆ అమ్మాయిలో రెండు కనిపించాయి. "నేను బానే ఉన్నా" అంటోంది. చలి పట్టిన మనిషి చెప్పే మొదటి మాట అదేనని అక్క తర్వాత చెప్పింది.

"దిగిపోదాం" అంది అక్క.

"అక్కా, అరగంట! ఒంటిగంట కూడా కాలేదు కదా!" భీమవరం వాడు అరిచాడు. మామూలుగా చెప్పినా అక్కడ అరిచినట్టే చెప్పాలి. ఇంకొకతను సగం మంది పైకి, సగం మంది కిందకి అన్నాడు. గైడ్ ఒక్కడే. పొగమంచులో పది అడుగుల అవతల ఏముందో కనిపించట్లేదు. గైడ్ ఏమీ అనలేదు. నిర్ణయం మాదేనన్నట్టు చూశాడు.

వాడు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. తుఫాన్లు చూసినోడివి. ఇదొక గాలా?"

నిజమే, తుఫాన్లు చూశాను. ఇంట్లోంచి. తలుపులు బిగించుకుని, కొవ్వొత్తి పెట్టుకుని చూశాను. వాడి మొహం నాకింకా గుర్తుంది. ఆ మొహంలో శిఖరం ఒక్కటే లేదు. రెండు నెలల అలారాలు, పన్నెండు రోజుల్లో ఫ్లైట్, మళ్లీ ఎప్పుడొస్తానో అనే దిగులు, అన్నీ ఉన్నాయి.

"దిగుదాం మావా" అన్నా.

వాడు ఒక్క మాట కూడా అనకుండా బ్యాగ్ భుజానికి తగిలించుకుని అందరికన్నా ముందు దిగడం మొదలుపెట్టాడు.

వాళ్లు ఎక్కారు

షోలాలోకి రాగానే గాలి ఆగిపోయింది, ఎవరో తలుపేసినట్టు. అక్క ఆ అమ్మాయి తడి బట్టలు మార్పించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చిన తన పొడి స్వెట్టర్ తొడిగించింది. ఇద్దరు అటూ ఇటూ ఆనుకుని కూర్చున్నారు. హోమ్‌స్టే వాళ్లు కట్టిచ్చిన పులిహోర, గ్లూకోజ్ నీళ్లు. ముందు వణుకు ఎక్కువైంది, తర్వాత తగ్గింది. నలభై నిమిషాలకి "ఆ చాక్లెట్ ఏదీ?" అని అడిగింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం.

కథ ఇక్కడ ఆపేస్తే నీతికథలా బాగుంటుంది. కానీ జరిగింది అంతే కాదు. మేం అక్కడ కూర్చుని ఉండగా ఇంకో గ్రూప్ మమ్మల్ని దాటి పైకెళ్లింది. ఆరుగురు, అందరికీ మంచి జాకెట్లు. సాయంత్రం జీపుల దగ్గర మళ్లీ కలిశారు. శిఖరం ఎక్కి దిగొచ్చారు. అందరూ క్షేమం. ఒకతను ఫోన్ తీసి ఫొటో చూపించాడు. తెల్లటి పొగమంచులో ఆరు బొటనవేళ్లు.

భీమవరం వాడు ఆ ఫొటో చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు. బెంగళూరు వచ్చేదాకా కిటికీ పక్కనే కూర్చున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు, నేనూ పోలేదు. నాకు పదే పదే ఒకటే ప్రశ్న. వాళ్లు ఎక్కగలిగారు కదా. అంటే మేం అనవసరంగా దిగామా?

ఆదివారం నాడు తెలుసా?

ఆ ప్రశ్నకి జవాబు నాకు కొండ మీద దొరకలేదు. మా చెరువు గట్టు మీద ఎప్పుడో విన్నది గుర్తొచ్చింది.

2023 డిసెంబరు 5, మంగళవారం. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నేను ఇంటి నుంచే పనిచేస్తూ ఆకివీడులో ఉన్నా. మా వనామి చెరువు ఎనభై కౌంటులో ఉంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కేజీకి ఎనభై రొయ్యలు తూగితే ఎనభై కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దదన్నమాట, రేటు ఎక్కువ. ఇంకొన్నాళ్లు పెంచితే మంచి రేటు వచ్చేది. కానీ నాన్న ఆదివారమే పట్టుబడి పెట్టేశాడు. తుఫానొస్తే కరెంటు పోతుంది. కరెంటు పోతే ఏరియేటర్లు తిరగవు. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి చెరువంతా పోతుంది. మాకున్నది ఒకటే జనరేటరు, అది కూడా పాతది.

పక్క చెరువువాళ్లు పట్టలేదు. వాళ్లకి రెండు జనరేటర్లున్నాయి. కరెంటు పోయింది, వాళ్ల జనరేటర్లు ఆడాయి, చెరువు నిలబడింది. తర్వాత పెద్ద కౌంటుకి మంచి రేటు తెచ్చుకున్నారు.

"మనం కూడా ఆగుంటే బాగుండేది కదా నాన్నా" అన్నా.

నాన్నకి కోపం రాలేదు. "ఆగితే ఏమయ్యేదో ఇప్పుడు తెలుసు. ఆదివారం నాడు తెలుసా?" అన్నాడు. తర్వాత ఇంకో మాట: "ఆళ్ల లెక్క ఆళ్ల జనరేటర్లని బట్టి. మన లెక్క మనదాన్ని బట్టి."

అప్పుడు అది నష్టపోయినవాడు చెప్పుకునే సర్దుబాటు అనిపించింది. బస్సులో కిటికీ పక్కన వాణ్ణి చూస్తున్నప్పుడు అర్థమైంది. ఆ ఆరుగురి ఫొటో వాళ్ల జాకెట్ల గురించి, వాళ్ల ఒంటి గురించి, ఆ గంటలో వాళ్లకి దొరికిన గాలి గురించి చెప్తుంది. మా పదకొండు మంది గురించి ఏమీ చెప్పదు. మా లెక్క మాలో అందరికన్నా చలి పట్టిన మనిషిని బట్టి. చాక్లెట్ కాగితం విప్పలేని చేతుల్ని బట్టి. మధ్యాహ్నం పన్నెండుంపావుకి మాకు తెలిసింది అంతే. దాన్ని బట్టి దిగాం.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. రిలీజ్ రాత్రి ఏ పరిస్థితి వస్తే రోల్‌బ్యాక్ చేయాలో ముందే రాసుకుంటాం. ఎందుకు? రాత్రి రెండింటికి ఎర్రర్లు వరదలా వస్తున్నప్పుడు, పైనుంచి ఫోన్లు మోగుతున్నప్పుడు, ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు కాబట్టి. గట్టు మీద కూడా అంతే. అక్కడ వాదించే తీరిక, వినే చెవి, ఆలోచించే వేడి, మూడూ ఉండవు. బస్సులో పెట్టుకున్న రూల్ లేకపోతే అక్క మాటకీ వాడి మాటకీ మధ్య గట్టిగా అరిచినవాళ్లది నెగ్గేది.

మీరు వెళ్తుంటే

ఈ వర్షాకాలం మీరూ ప్లాన్ చేస్తుంటే, వెళ్లండి. ఆ గడ్డి గుట్టలు, ఆ పొగమంచు నిజంగా చూడాల్సినవి. నాలుగు విషయాలు మాత్రం బండి ఎక్కేముందే తేల్చుకోండి.

వెనక్కి తిరిగే టైమ్ గడియారంలో చెప్పండి. "చూద్దాంలే" అనేది టైమ్ కాదు. ఎవరు "ఆపుదాం" అన్నా ఆగుతామని అందరిచేతా అనిపించండి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెట్టండి. వెనక ఉంటే వాళ్లకేమైందో ఎవరికీ తెలియదు. ఒక పొడి జత బట్టలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగ్ అడుగున పెట్టండి, పైకి వెళ్లేదాకా దాన్ని ముట్టుకోకండి. పల్చటి రెయిన్‌కోట్ గాలిలో పనికిరాదు, ఒంటికి బిగుతుగా ఉండే జాకెట్ కావాలి.

గాలి కొలిచే మీటర్ ఉండక్కర్లేదు. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ అనే నేవీ ఆఫీసరు గాలిని దాని పనిని బట్టి లెక్కేసే పద్ధతి పెట్టాడు. ఇప్పుడు వాడుతున్న స్కేలులో పెద్ద చెట్లు మొత్తంగా ఊగుతూ, ఎదురు నడవడం ఇబ్బందైతే ఏడు, అంటే గంటకి 50 నుంచి 61 కిలోమీటర్లు. కొమ్మల రెమ్మలు విరిగి, అడుగు ముందుకు పడటం కష్టమైతే ఎనిమిది. ఒంటిమర దగ్గర గైడ్ చెట్టు వైపు ఎందుకు చూశాడో ఇది చదివాకే తెలిసింది. అతను బ్యూఫర్ట్ పేరు విన్నాడో లేదో కానీ లెక్క మాత్రం అదే.

భీమవరం వాడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. ఎయిర్‌పోర్ట్‌లో సాగనంపడానికి వెళ్తే మామూలుగానే మాట్లాడాడు. కొండ ఊసు నేనెత్తలేదు, వాడూ ఎత్తలేదు. మొన్న వీడియో కాల్‌లో మాత్రం వాడే తెచ్చాడు. "అరగంటలో ఎక్కేసేవాళ్లం రా. ఇప్పటికీ అదే చెప్తా" అన్నాడు. నేను వాదించలేదు. ఎక్కేసేవాళ్లమేమో. వాడి మాట తప్పని నిరూపించడానికి నా దగ్గరేమీ లేదు. ఉండాలని కూడా నేను కోరుకోను. అలాంటి రుజువు దొరకాలంటే ఆ రోజు ఎవరికో ఏదో జరిగుండాలి.

డిసెంబరులో ఇండియా వస్తున్నాడట. అప్పుడు వానలుండవు, కుద్రేముఖ్ గడ్డి పచ్చదనం తగ్గి పసుపు తిరుగుతుంది, గాలి కాస్త నెమ్మదిస్తుంది. పర్మిట్ కోసం ఈసారి అలారం నేను పెట్టుకున్నా. వాట్సాప్ గ్రూప్‌కి కొత్త పేరు పెట్టారు. డిస్క్రిప్షన్‌లో పాత మూడు రూల్సే ఉన్నాయి. వాటి కింద మొదటి థంబ్సప్ వాడిదే.